నాయన భుజం, అమ్మ నెత్తి

మొన్న మా ఇంటికి ప్లైవుడ్ వచ్చింది. వంటింట్లో అల్మారాలు కొత్తగా చేయించుకుంటానని కోడలు అంటే సరే అన్నాను. అనక ఏం చేస్తాను, వంటిల్లు ఇప్పుడు ఆమెది. ప్రొద్దుటూరులో మేముండే సందులోకి ఆటో రావడమే కష్టం. అందుకని లారీని రోడ్డు మీదే ఆపి, ఇద్దరు పిల్లగాళ్ళు షీట్లను నెత్తిన పెట్టుకొని మోసుకొస్తున్నారు. ముందువాడు తాటిచెట్టంత పొడుగు. వెనకవాడు వాడి చంకకు వస్తాడు. షీటంతా వెనక్కి వాలిపోయి పొట్టివాడి మెడ పక్కకు ఒరిగింది. వాడు ఏమీ అనడం లేదు. అనే ఓపిక ఉంటే కదా.

వాణ్ణి చూస్తుంటే నా మెడ లాగింది. నాకు అరవై దాటాయి. మోకాళ్ళు ఎప్పుడో మొరాయించాయి, నడుము నేడో రేపో అంటోంది. మెడ ఒక్కటే నిటారుగా ఉంది. వడ్రంగి ఇంట్లో పుట్టి కూడా నా నెత్తిన ఒక్క దుంగ పడలేదు. పడకుండా ఒకామె అడ్డం నిలబడింది. ఆమె ఇప్పుడు మా వరండాలో మంచం మీద కూర్చొని ఆ పిల్లగాళ్ళనే చూస్తోంది. మా అమ్మ.

అప్పుడు మేము జమ్మలమడుగులో ఉండేవాళ్ళం. మాదొక పొడుగాటి కొట్టం. ముందు సగం నాయన పనికి, వెనక సగం మా కాపురానికి. పైన బండలు పరిచిన కప్పు. ఎండాకాలంలో ఆ బండలు పగలంతా కాగి, లోపలి కట్టెలన్నీ వాసన వదిలేవి. టేకుది నూనె వాసన. వేపది చేదు, పీలిస్తే గొంతులో దిగేది. తుమ్మది పులుపు. ఒక మూల పొయ్యి మీద వజ్రం ఉడుకుతుండేది. వజ్రమంటే మెడలో వేసుకునేది కాదు, చెక్కలు అతికించడానికి పశువుల తోళ్ళతో చేసిన బంక. దాని కంపు సంకటిలోకి కూడా వచ్చేది. నేను మూతి తిప్పుకుంటే నాయనమ్మ ఊరుకునేది కాదు. ఆమెను మేము జేజి అంటాం.

"ఆ వాసన ఉండబట్టే మూడు పూట్ల తింటాండావు. మూసుకోని తిను," అనేది.

మూసుకొని తినేదాన్ని. నంజుకునే ఊరిమిండి కారంగా ఉంటే వజ్రమైనా ఏమైనా గుర్తుకు రాదు.

వడ్రంగం అంటే ఉలి, రంపం, చిత్రిక అనుకుంటారు అందరూ. అది సగం పనే. మిగతా సగం మోత. కట్టెను బండి మీద నుంచి దించాలి. కొట్టంలోకి మోయాలి. ఎండలో పెట్టాలి, మళ్ళీ నీడకు తేవాలి. వంకర పోకుండా తిరగేయాలి. కింద ఉన్నది కావలసి వస్తే పైవన్నీ తీసి, మళ్ళీ పేర్చాలి. ఒక తలుపు తయారయ్యేలోపల ఆ చెక్క కొట్టంలో ఎన్ని చోట్లు మారేదో. "మనకన్నా ఈ కట్టెలకే తిరుగుడు ఎక్కువ," అనేది అమ్మ.

ఆ మోతకు ఇద్దరు కావాలి. మొదట్లో మా చిన్నాయన ఉండేవాడు. ఆయన ప్రొద్దుటూరులో నూనె మిల్లులో పని దొరికి వెళ్ళిపోయాడు. కూలివాళ్ళు ఒకరోజు వస్తే రెండు రోజులు రారు. చివరికి కట్టెకు రెండో కొస అమ్మ అయింది. ఎవరూ ఆమెను చేయమనలేదు. ఒకరోజు నాయన ఒంటరిగా దూలంతో కుస్తీ పడుతుంటే, చేతి పిండి కడుక్కొని వెళ్ళి పట్టుకుంది. అంతే, అది ఆమె పని అయిపోయింది. మన ఇళ్ళలో ఆడవాళ్ళకు పనులు అట్లాగే వస్తాయి.

మగవాళ్ళు భుజాన మోస్తారు. ఆడవాళ్ళు నెత్తిన మోస్తారు. ఒకే దూలాన్ని ఇద్దరూ మోస్తే భుజమూ నెత్తీ ఒక ఎత్తున ఉండాలి, లేకపోతే కట్టె పల్లానికి జారుతుంది. నాయన మంచి పొడగరి. అమ్మ తల సరిగ్గా ఆయన భుజానికి వచ్చేది. ఇదంతా తన ఘనతే అన్నట్టు జేజి చెప్పేది.

"పెండ్లి సూపులకు పోయినప్పుడు అందురూ పిల్ల ముక్కు సూసిరి, జడ సూసిరి. మీ అబ్బ మాత్రం పిల్లను మా వాని పక్కన నిలబెట్టమనె. నిలబెడితే నెత్తి సరిగ్గా బుజానికొచ్చె. జోడెద్దులు కుదిరినట్ల కుదిరిరి. అంతే, తాంబూలాలు మార్చుకోండి అనె," అని. అబ్బ అంటే మా తాత.

అమ్మ పొయ్యి ఊదుతూ ఇదంతా వినేది. "కట్టెకు సంబంధం సూడబోయి నన్ను తెచ్చుకొనిరి," అనేది. నవ్వుతూనే అనేది లెండి.

వాళ్ళ మోతకు ఒక పద్ధతి ఉండేది. కట్టెకు మొదలు వైపు బరువు ఎక్కువ, అది ఎప్పుడూ నాయనదే. కొస అమ్మది. నాయన ముందు నడిచేవాడు, అమ్మ వెనక. ముందున్న మనిషి దారి చెప్పాలి: "గుంత", "మెట్టు", "ఎడమకు". వెనకున్న మనిషికి ఒకటే మాట: "దించు". ఆ మాట వెనకనుంచి వచ్చేదాకా ముందున్నవాడు భుజం తీయకూడదు. నెత్తిన చుట్టకుదురు, దాని మీద కొంగు, దాని మీద దూలం, ఇట్లా అమ్మ ఆయన వెనకే ఏళ్ళ తరబడి నడిచింది. నాయన ఒక్కసారీ ఆమెను చూడలేదు. తిరిగి చూస్తే కట్టె కూడా తిరుగుతుంది కదా.

నేను ఏడో తరగతి అయిపోయి హైస్కూలుకు పోవలసిన ఎండాకాలం అది. ఆ సెలవుల్లో నాకు వేరే పనేమీ లేదు. చిత్రిక పట్టినప్పుడు రాలే చెక్క చుట్టలను చెవులకు జూకాల మాదిరి తగిలించుకొని తిరిగేదాన్ని. దుంగల మీద ఎక్కి అటు కొస నుంచి ఇటు కొసకు పరిగెత్తేదాన్ని. దూలాన్ని దాటితే ఎదగరని జేజి తిట్టేది. నేను దాటిన దూలాలకు లెక్కలేదు, ఆ ఏడే తుమ్మ మొలక మాదిరి సర్రున ఎదిగాను.

ఆ ఎదగడమే తంటా తెచ్చింది. ఒకరోజు నాయన నిలబడి రంపానికి పళ్ళు నూరుతుంటే నేను పక్కకు పోయి నిలబడ్డాను. జేజి చూసింది.

"రేయ్, ఈడ సూడు. పాప నెత్తి నీ బుజానికొచ్చేసె."

నాయన తల తిప్పి చూశాడు. నాకు గర్వంగా ఉంది, ఇంకా నిక్కి నిలబడ్డాను.

"ఇంకేంది మరి. కోడలు పొయ్యి కాడ ఉంటాది, పాప కొస పట్టుకుంటాది. సదివింది సాల్లే. ఆడబిడ్డకు ఏడే శానా," అంది జేజి.

"చూద్దాంలే," అన్నాడు నాయన. మా ఇంట్లో చూద్దాం అంటే సరే అనే.

అమ్మ అప్పుడే నీళ్ళ బిందెతో లోపలికి వచ్చింది. బిందె దించకుండానే జేజి వైపు చూసి, "నేనేమన్నా సచ్చినానా?" అంది. అమ్మ అత్తకు ఎదురు మాట చెప్పడం నేను అదే మొదటిసారి వినడం. అయినా జేజి మాట మాత్రం ఇంట్లో ఉండిపోయింది. పులివెందుల నుంచి ఒక పెద్దాయన కొత్త ఇంటికి వాకిలి చేయమని చెప్పి పోయాడు. గడప, నిలువులు, పై పట్టె, రెక్కలు, అంతా నిండు టేకు. నాయన చేసిన వాటిలో అంత పెద్ద పని అదే. అది చేసి పంపి, బడులు తెరిచేలోపల నా సంగతి తేలుద్దామని అనుకున్నారు.

ఆ పని సాగుతున్నప్పుడే నాయనకు ఒక చిక్కు వచ్చింది.

"ఏందిమే, కట్టె ఎనక్కి జారతాంది?" అన్నాడొకరోజు మోస్తూనే.

"మొదలు నా దిక్కొచ్చిందేమో సూసుకో," అంది వెనకనుంచి అమ్మ.

"మొదలు నాకాడే ఉండాదే."

కొసలు మార్చి చూశాడు. నేల పల్లంగా ఉందేమోనని గడారితో గీకి చదును చేశాడు. అయినా జారింది. ఆ తర్వాత రెండు మూడు రోజులకు దానంతట అదే సర్దుకుంది. కట్టె మళ్ళీ బల్లపరుపుగా నిలబడింది. నేల చదును చేసినందుకే అని నాయన సంబరపడ్డాడు.

అసలు సంగతి నాకు ఒక కోతి చేష్ట వల్ల తెలిసింది. అమ్మ చుట్టకుదురు కొట్టంలో మేకుకు వేలాడుతుండేది. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే నేను దాన్ని తీసి నెత్తిన పెట్టుకున్నాను, దాని మీద ఒక సన్న కట్టె పెట్టుకొని అమ్మ మాదిరి నడుద్దామని. తీయగానే బరువు తగిలింది. పాత చీర చుట్టకు అంత బరువెందుకు? విప్పాను. చీర కింద గోతం గుడ్డ, దాని లోపల గుండ్రంగా చెక్కిన వేపముక్క. రొట్టె అంత వెడల్పు, రెండు వేళ్ళ మందం. కుర్చీ కాలు పొట్టిదైతే నాయన కింద చెక్కముక్క పెట్టి ఎత్తు సరిచేస్తాడు. అమ్మ తన నెత్తిన అదే పని చేసుకుంది.

వెనకనుంచి వీపు మీద ఒక దెబ్బ పడింది. అమ్మ. చుట్టకుదురు లాక్కొని అక్కడే చెక్కపొట్టులో కూర్చుంది. గబగబా మళ్ళీ చుడుతోంది.

"కట్టె యాల పెట్టినావుమా లోపల?"

"ఎత్తుకు."

"ఎత్తు యాల?"

అమ్మ గొంతు తగ్గించి, "నా మెడ దిగిపోయిందిమే. ముందర మాదిరి లేను. మీ నాయనకు తెలిస్తే ఆ కొస నీ నెత్తినే పెడతారు," అంది.

"పెట్టనీలే. నేను మోస్తా."

"మోస్తావు. నేనూ ఒకపూట సాయానికని పట్టుకుంటి. ఒకసారి నెత్తికెక్కితే దిగేది కాదది."

"నీకు నొప్పి ల్యాదా?"

"మోసే నాకు లేని నొప్పి నీకేందిమే? కందకు లేని దురద కత్తిపీటకంట. నాయనతో అంటివా, నా మీద ఒట్టే."

నేను ఆమె తల మీద చెయ్యి పెట్టాను. నడినెత్తిన వెంట్రుకలు లేవు. చర్మం కాయ కాసి గరుకుగా ఉంది. అమ్మ నా చేతిని తోసేయలేదు. ఆ వెచ్చటి మధ్యాహ్నం నాకు ఏడుపొచ్చింది, భయమేసింది. నిజం చెప్పాలంటే అప్పటిదాకా నాకు బడి మీద పెద్ద ప్రేమేమీ లేదు. ఆ రోజు వచ్చింది.

పులివెందుల గడప పంపే రోజు రానే వచ్చింది. మా వైపు గడపకు ఒక కట్టడి ఉండేది. కొట్టంలో పసుపు పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి ఎత్తిన గడప బండి ఎక్కేదాకా నేలకు తగలకూడదు. మధ్యలో భుజం మార్చుకోకూడదు. ఎత్తినవాళ్ళే దించాలి. పూజలో కూర్చున్నది నాయనా అమ్మా కాబట్టి మోయవలసిందీ వాళ్ళే. నేలకు తగిలిందా, ఆ గడపను ఇంటివాళ్ళు ఒప్పుకోరు. అంత టేకు, ఎండాకాలమంతా చేసిన పని కాలవలో పోసినట్టే.

జేజి పొద్దున్నే బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసింది. పచ్చిమిరపకాయలు వేగిన ఘాటుకు దగ్గుతూనే అందరం తిన్నాం. బండి తెచ్చింది ఒక సాయబు, ప్రొద్దుటూరు అడితి నుంచి మాకు ఎప్పుడూ కట్టె తోలేవాడు. మేము మామా అని పిలిచేవాళ్ళం. బండి రోడ్డు మీదే ఆగింది. పులివెందుల పెద్దాయన బండి పక్కనే పంచె సర్దుకుంటూ నిలబడ్డాడు.

"అక్కా, నువ్వుండు, నేను పడతా ఆ కొస," అన్నాడు సాయబు మామ.

"వద్దప్పా. మేమే దించల్ల," అంది అమ్మ.

ఇద్దరూ ఎత్తారు. నాయన భుజాన మొదలు, అమ్మ నెత్తిన కొస. నేను చెంబుతో నీళ్ళు పట్టుకొని వాళ్ళ వెనక నడిచాను. నాయన "మెట్టు" అన్నాడు. కొంచెం దూరం పోయాక "గుంత" అన్నాడు. గుంత దాటేటప్పుడు అమ్మ అడుగు రవ్వంత తూలింది. చుట్టకుదురు వదులై వేపముక్క జారి నా కాళ్ళ ముందు పడింది.

గడప ఒక్కసారిగా అమ్మ వైపు కుంగింది. మెడ భుజాల్లోకి దిగిపోయింది. మెడ నరాలు ఉబ్బాయి. నోరు తెరిచింది. దించు అంటే చాలు. అనలేదు. నేను అరుద్దామనుకున్నాను, ఒట్టు గుర్తొచ్చి ఆగిపోయాను. అమ్మ చచ్చిపోతుందనే అనుకున్నాను.

ముందు నాయన ఆగాడు. తిరగలేదు. ఆయన భుజం మీద కట్టె వెనక్కి జారుతోంది. రెండు ఊపిర్లు అట్లే నిలబడ్డాడు. తర్వాత మెల్లగా మోకాళ్ళు వంచాడు. భుజం కిందికి దించి, ఇంకా దించి, గడప బల్లపరుపయ్యేదాకా వంగాడు. ఆ వంచిన మోకాళ్ళతోనే నడవడం మొదలుపెట్టాడు. మోయడం కన్నా అట్లా నడవడం కష్టం. వీపంతా చెమట కారుతోంది, తొడలు అదురుతున్నాయి. అమ్మ మెడ కొంచెం పైకి లేచింది. సందు చివరిదాకా ఇద్దరూ అట్లాగే నడిచారు.

బండి దగ్గర అమ్మ "దించు" అంది. ఇద్దరూ కలిసి గడపను వరిగడ్డి మీద పెట్టారు. పులివెందుల పెద్దాయన కళ్ళకద్దుకున్నాడు.

"అరె, ఏమప్పా అట్ల నడిస్తివి? కాల్లో ముల్లు దిగెనా?" అన్నాడు సాయబు మామ.

"ఆ, ముల్లే," అన్నాడు నాయన.

తిరిగొచ్చేటప్పుడు నా దగ్గర ఆగి చెయ్యి చాపాడు. నేను వేపముక్కను లంగా మడతల్లో దాచానని ఆయనకెట్లా తెలిసిందో. ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన ఉలే, ఆయన చెయ్యి కాదు. అంచులన్నీ ఎగుడుదిగుడుగా, భయంభయంగా చెక్కినట్టున్నాయి. నాయన దాన్ని నడుం దగ్గర పంచెలో దోపుకొని లోపలికి పోయాడు.

ఆ సాయంత్రం సంకటి ముందు కూర్చున్నప్పుడు జేజి ఎత్తుకుంది. "పెద్దాయనకు పని నచ్చె. వాళ్ళ తమ్మునికి కూడా వాకిలి చేయమంటాండు గదా. ఇంక పాపను కొసకు పెట్టు."

"ఆ పని నేను ఒప్పుకోల్యా," అన్నాడు నాయన.

"ఏందిరా?"

"ఇంక ఒక మనిసి మోసే కట్టెతోనే పని. రెండో కొస లేదు. పాప బడికి పోతాది."

"పేరు పోతాదిరా!"

"పోనీ."

అమ్మ సంతోషిస్తుందనుకున్నాను. సంకటి గరిటె పట్టుకొని మండిపడింది.

"ఇంత పని ఇడిసిపెడతావా? నాతో ఒక మాట అడిగితివా?"

"నువ్వు నాతో అడిగినావా?" అన్నాడు నాయన. పంచెలోంచి వేపముక్క తీసి ఆమె ముందు పెట్టాడు. అమ్మ దాన్ని చూసింది, గరిటె కింద పెట్టింది. ఆ పూట ఎవరూ సరిగా తినలేదు.

నాయన మాట మీదే ఉన్నాడు. ఆ తర్వాత ఆయన చేసినవన్నీ చిన్నవే. పీటలు, పప్పుగుత్తులు, మంచం కోళ్ళు, ఉయ్యాల తొట్లు. వడ్రంగి సోమరి అయ్యాడని ఊరంతా అంది. వీధిలో ఎవరైనా దూలం మోసుకుపోతుంటే నాయన పని ఆపి గడపలోకి వచ్చి, అది మలుపు తిరిగేదాకా చూసేవాడు. అప్పుడు ఆయన మొహం చూడలేకపోయేదాన్ని. నేను హైస్కూలుకు పోయాను, ట్రైనింగు చేశాను, దువ్వూరు చుట్టుపక్కల పల్లెల్లో పాఠాలు చెప్పీ చెప్పీ అలిసిపోయి రిటైరయ్యాను. అలిసిపోయానని అనుకున్నప్పుడల్లా సిగ్గేసేది. నా అలసట ఏపాటిది?

జేజి పోయింది, నాయనా పోయాడు. కొట్టం ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగడి ఉంది. ఆ వేపముక్క ఏమైందో నాకు తెలియదు. అట్లాంటివి దాచుకునే ఇల్లు కాదు మాది, పొయ్యిలోకే పోయుంటుంది. అమ్మ మాత్రం మెడకు పట్టీ వేసుకొని నా దగ్గర ఉంది. ఏం బరువు మోశావని డాక్టరు అడిగితే, "ఏం ల్యా, ఇంటి పనే," అంది. తలకు నూనె పెట్టేటప్పుడు నడినెత్తిన నా వేళ్ళు ఇప్పటికీ ఒక పల్లంలోకి దిగుతాయి. అక్కడ నూనె కొంచెం ఎక్కువ పోస్తాను. అంతకన్నా నేను చేయగలిగింది లేదు.

మొన్న ఆ పిల్లగాళ్ళు రెండో షీటుతో వచ్చారు. మళ్ళీ అట్లాగే, పొడుగువాడు ముందు, పొట్టివాడు వెనక. అమ్మ మంచం మీద నుంచి ముందుకు వంగింది.

"రేయ్ పొడుగోడా! రోంత వంగప్పా."

"ఏందవ్వా?"

"మోకాళ్లు రోంత వంచు. ఎనకోని మెడ సూడు."

వాడు నవ్వాడు. ముసలామె మాట ఎందుకు కాదనాలని అనుకున్నాడో ఏమో, మోకాళ్ళు వంచాడు. షీటు బల్లపరుపైంది. పొట్టివాడి తల నిటారుగా లేచింది. వాళ్ళు అట్లాగే వరండా దాటి లోపలికి పోతుంటే అమ్మ కళ్ళు వాళ్ళ వెంటే పోయాయి. వంటింటి దగ్గర ఇద్దరూ ఆగారు.

"దించు," అంది అమ్మ, తనలో తాను.